మొక్కను బతికించే కళాకృతులు: విశాఖలో ఇన్‌స్టలేషన్ చేసేవారు తరచుగా అడిగే ప్రశ్నలు

సెన్సర్లు, పంపులు, దీపాల సాయంతో బతికున్న మొక్కను నిలబెట్టే ఇన్‌స్టలేషన్లంటే (ఒక చోటునంతా కళగా మలిచే కృతులంటే) మన ఊళ్లో ఆసక్తి పెరుగుతోంది. ఫైన్ ఆర్ట్స్ విద్యార్థులు, ఇంజినీరింగ్ పిల్లలు, ఆర్కిటెక్టులు, లాబీలో కొత్తగా ఏదైనా పెడదామనుకునే ఆఫీసులవాళ్లు అడుగుతూనే ఉన్నారు. అడిగేవాళ్లు మారుతున్నారు గానీ సందేహాలు అవే. అందుకే వాటిని ఒకచోట చేర్చాను. ఏ జవాబుకు ఆ జవాబు విడిగా చదువుకోవచ్చు. మీరు ఏ దశలో ఉంటే అక్కణ్నుంచి మొదలుపెట్టండి.

ఒక్క మాట ముందే చెప్పాలి. ప్రదర్శన ముగిసేసరికి మొక్క వచ్చినప్పటికన్నా బాగుండాలన్నది నా పట్టుదల. జవాబులన్నీ ఆ వైపు నుంచే రాశాను.

## ఆలోచన దశ

కుండీలో మొక్క పెట్టి పక్కన పంపు, సెన్సరు బిగిస్తే అది కళ ఎలా అవుతుందండీ?

బిగించినంత మాత్రాన కాదు. డాబా మీద కూరగాయలకు డ్రిప్ పెట్టుకోవడం మంచి తోటపని, అంతే. మొక్క బతుకు ఎవరి చేతుల్లో ఉందో చూసేవాళ్లకు తెలిసొచ్చినప్పుడు అది కళాకృతి అవుతుంది. ఎడ్వర్డో కాక్ 1996లో అమెరికాలోని న్యూ ఆర్లీన్స్‌లో చేసిన పని చూడండి. చీకటి గదిలో కాస్త మట్టి, ఒక గింజ. దేశదేశాల్లో ఉన్నవాళ్లు తమ ఊరి ఆకాశం వైపు కెమెరా తిప్పితే, ఆ దృశ్యం ఇంటర్నెట్‌లో వచ్చి ప్రొజెక్టర్ గుండా ఆ గింజ మీద వెలుగుగా పడేది. గదిలో మరో వెలుగు లేదు. మొలక ముఖం చూడని మనుషులు దాన్ని పెంచారు. ఆ ప్రొజెక్టర్‌ను తీసేస్తే ఆలోచనే మిగలదు.

మీ పనికి కూడా ఇదే పరీక్ష పెట్టండి. యంత్రాన్ని తీసేసి మొక్కను కిటికీ పక్కన పెడితే అది ఇంకా హాయిగా ఉంటుందా? ఉంటే, ఆ యంత్రం అక్కడ ఎందుకుందో గట్టి జవాబు మీ దగ్గర ఉండాలి. లేకపోతే ఆలోచన ఇంకా పచ్చిగానే ఉన్నట్టు.

ఇంతకుముందు ఎవరు చేశారు? ఏవి చూడాలి?

హాన్స్ హాకీ 1969లో కార్నెల్ విశ్వవిద్యాలయంలో గది మధ్య మట్టి గుట్ట పోసి గడ్డి విత్తాడు. యంత్రమేమీ లేదు, గడ్డి పెరగడమే కళ. మొదట దీన్ని అర్థం చేసుకోండి. 1972లో హెలెన్, న్యూటన్ హారిసన్ దంపతులు 18 నిమ్మజాతి చెట్లను పెట్టెల్లో నాటి, పైన దీపాలు అమర్చి గ్యాలరీలోనే తోట వేశారు. బయట గాలి పాడైపోయి తోటలు లోపలికి రావాల్సిన రోజు వస్తే ఎలాగన్న ఆందోళన అందులో ఉంది. 1992లో క్రిస్టా సొమ్మరర్, లోరాన్ మిన్యొన్నో నిజమైన మొక్కలకు సెన్సర్లు కలిపారు. చెయ్యి దగ్గరికి తెస్తే తెర మీద బొమ్మ మొక్కలు పెరిగేవి. మెక్సికోకు చెందిన గిల్బెర్తో ఎస్పార్సా చేసిన 'సంచార మొక్కలు' అనే రోబో, మురికి నది నీరు తాగి, అందులోని బ్యాక్టీరియా నుంచి కరెంటు తీసుకుని, తన వీపు మీది మొక్కలకు ఆ నీటినే అందించేది. మేహాద్రిగెడ్డ ఒడ్డున నిలబడి ఆలోచించాల్సిన పని అది.

నా మటుకు అన్నిటికన్నా ఎక్కువ నేర్పింది 'టెలిగార్డెన్'. కెన్ గోల్డ్‌బర్గ్, జోసెఫ్ శాంటరోమానా, మరికొందరు కలిసి 1995లో ఒక చిన్న తోట మధ్య రోబో చెయ్యి పెట్టి ఇంటర్నెట్‌కు కలిపారు. సభ్యులు ఎక్కడో కూర్చుని గింజలు నాటారు, నీళ్లు పోశారు. 1996లో ఆస్ట్రియాలోని లింజ్ నగరానికి మారి 2004 దాకా నడిచింది. అన్నేళ్లు నడిచిందంటే ఆ రోబో గొప్పతనం ఒక్కటే కాదు, ఆ కేంద్రంలో తోటను చూసుకునే మనుషులు ఉన్నారు.

కోడింగ్ రాకపోతే చేయలేమా?

చేయొచ్చు. టైమరు, పంపు, నీటిని పైకి పీల్చే వత్తి చాలు చాలా ఆలోచనలకు. ఆర్డుయినో (సెన్సర్లను, పంపులను నడిపే చిన్న ప్రోగ్రామింగ్ బోర్డు) మీద చెయ్యి తిరిగిన ఇంజినీరింగ్ విద్యార్థి దొరకని వీధి విశాఖలో లేదు, పని పంచుకోండి. పేరు కూడా పంచుకోండి.

ఖర్చు ఎంతవుతుంది?

ఒక్క కుండీకి బోర్డు, సెన్సరు, చిన్న పంపు, గొట్టం కలిపి రెండు మూడు వేల లోపే అవుతుంది. మంచి గ్రో లైట్లు (మొక్కలు పెరగడానికి చేసిన దీపాలు), నీళ్ల ట్యాంకు, ఇనుప చట్రం చేరేసరికి లెక్క మారిపోతుంది. చాలామంది డబ్బంతా ప్రారంభోత్సవం రోజుకే పెట్టేస్తారు. మీకున్నదాంట్లో మూడో వంతు తెరిచిన తర్వాతి రోజుల కోసం పక్కన పెట్టండి: చూసుకునే మనిషికి, మార్చాల్సిన పంపుకు, ఎక్కువ తెచ్చిపెట్టుకునే మొక్కలకు.

ఎన్నాళ్ల ముందు మొదలుపెట్టాలి?

మొక్కల విషయానికొస్తే కనీసం నెల. కడియం, కడియపులంక నర్సరీల నుంచి వచ్చే మొక్కలు ఆరుబయట, షేడ్‌నెట్ కింద పెరిగినవి. వాటిని ఒక్కరోజులో ఏసీ గదిలోకి తెస్తే ఆకులు రాలుస్తాయి. ముందు వరండాలో, తర్వాత గదిలో, ఆ తర్వాత మీరు పెట్టబోయే దీపాల కిందే కొన్నాళ్లు ఉంచి అలవాటు చేయండి. యంత్రాన్ని కూడా ఆ నెలంతా నడపండి. మొదటి వారంలో రాని లోపాలు మూడో వారంలో వస్తాయి.

## మొక్కల ఎంపిక

వైజాగ్ వాతావరణానికి ఏ మొక్కలు నప్పుతాయి?

లోపలా, బయటా అన్నదాన్ని బట్టి రెండు వేరు వేరు జాబితాలు.

గది లోపలైతే మనీ ప్లాంట్, స్నేక్ ప్లాంట్, జీజీ ప్లాంట్, సింగోనియం తక్కువ వెలుగులో ఓర్చుకుంటాయి. తమలపాకు తీగకు నీడ, తేమ ఇష్టం. మన ఊరి గాలిలో తేమకు కొదవ లేదు గానీ, ఏసీ నేరుగా తగిలితే అంచులు ఎండిపోతాయి. కళాకృతికి నాకు బాగా నచ్చేది పీస్ లిల్లీ. దాహం వేస్తే ఆకులన్నీ వాల్చేస్తుంది, నీళ్లు అందితే కొద్ది గంటల్లో లేచి నిలబడుతుంది. దాని అవసరం చూసేవాళ్లకు కంటికి కనిపిస్తుంది. అయితే నాటకం కోసం పదే పదే దాన్ని ఎండగట్టకండి. ప్రతిసారీ కొన్ని వేళ్లు చస్తాయి. తులసి, పుదీనా, తోటకూర అందరికీ తెలిసిన మొక్కలు కాబట్టి ఆకర్షిస్తాయి, కానీ వాటికి చాలా వెలుగు కావాలి.

బయట, సముద్రం కనుచూపు మేరలో ఉంటే ఉప్పుగాలికి నిలిచేవే ఎంచుకోండి: గంగరావి, పొన్న, మొగలి, సరుగుడు, కాగితాల పువ్వు, ఇసుక మీద పాకే బాలబంద తీగ. గన్నేరు కూడా నిలుస్తుంది, కానీ ప్రతి భాగమూ విషమే. పిల్లలు వచ్చేచోట వద్దు. మనీ ప్లాంట్, డిఫెన్‌బేకియా ఆకులు నోట్లో పెట్టుకున్నా మంటపుడుతుంది, వాటిని చేతికందని ఎత్తులో ఉంచండి.

సింహాచలం సంపెంగ పెట్టాలని నా కోరిక. కుదురుతుందా?

మీ కోరిక అర్థమవుతుంది. ఆ వాసన వస్తే ఊరంతా గుర్తుపడుతుంది. కానీ సంపెంగ పెద్ద చెట్టయ్యే మొక్క. దానికి ఎండ, లోతైన నేల కావాలి, వేళ్ల దగ్గర నీళ్లు నిలవకూడదు. గదిలో పూయించడం దాదాపు అసాధ్యం. ఆరుబయట, నాలుగైదు గంటల ఎండ తగిలే ప్రాంగణంలో, పెద్ద తొట్టెలో అంటుమొక్క పెట్టి పూల కాలానికి మీ ప్రదర్శన కుదుర్చుకోండి. అప్పుడు యంత్రం పని నీళ్లు పోయడం వరకే. మిగతాది చెట్టు ఇష్టం.

కంబాలకొండ నుంచి మొక్కలు, ఎర్రమట్టి దిబ్బల నుంచి మట్టి తెచ్చుకోవచ్చా?

వద్దు. కంబాలకొండ వన్యప్రాణి అభయారణ్యం, అక్కణ్నుంచి మొక్క పీకడం చట్టరీత్యా నేరం. భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బలు జాతీయ భూవారసత్వ స్థలం, ఇప్పటికే తవ్వకాలతో దెబ్బతిన్నాయి. ఆ రంగే కావాలంటే నర్సరీల్లో ఎర్రమట్టి అమ్ముతారు.

ఖాళీలు నింపడానికి నాలుగు ప్లాస్టిక్ మొక్కలు కలపొచ్చా?

కలపకండి. ఒక్కటి ప్లాస్టిక్ అని తెలిస్తే చూసేవాళ్లు మిగతావన్నీ గిల్లి చూస్తారు. ఖాళీ ఉంటే ఉండనివ్వండి, మొక్క పెరగడానికి చోటు కావాలి కదా.

## వెలుగు, నీరు, వేళ్లు

గ్యాలరీలో లైట్లు బాగానే ఉన్నాయి. మళ్లీ గ్రో లైటు ఎందుకు?

మన కంటికి బాగానే ఉంటాయి. మొక్కకు అది ఆకలి. ఎక్కువ మొక్కలు నెమ్మదిగా చచ్చేది ఇక్కడే కాబట్టి లెక్క వేసి చూపిస్తాను.

బొమ్మలు చూడటానికి పెట్టే తెల్ల ఎల్‌ఈడీ వెలుగు సుమారు 300 లక్స్ అనుకోండి. మిట్టమధ్యాహ్నపు ఎండ లక్ష లక్స్ దాకా ఉంటుంది. లక్స్ మన కంటికి కనిపించే వెలుగు కొలత. మొక్క వాడుకునే కాంతిని లక్స్‌లో కాక మైక్రోమోల్‌లో, అంటే కాంతి కణాల లెక్కలో కొలుస్తారు (పది లక్షల మైక్రోమోల్‌లు ఒక మోల్). తెల్ల ఎల్‌ఈడీకి దాదాపు 70 లక్స్‌కు ఒక మైక్రోమోల్ చొప్పున వస్తుంది. అంటే మీ గ్యాలరీలో చదరపు మీటరుకు సెకనుకు నాలుగైదు మైక్రోమోల్‌లు. రోజుకు పది గంటలు వెలిగించినా మొత్తం 0.15 మోల్ దగ్గర ఆగుతుంది. నీడలో బతికే మనీ ప్లాంట్ కూడా బాగా పెరగాలంటే రోజుకు రెండు నుంచి నాలుగు మోల్ కావాలి. తులసికి పన్నెండు దాకా కావాలి. నీడ మొక్కకైనా ఇది వెయ్యి కావాల్సిన చోట యాభై రూపాయలు చేతిలో పెట్టి ఇల్లు నడపమన్నట్టుంది.

అదే చోట 100 మైక్రోమోల్‌లు ఇచ్చే గ్రో లైటు 12 గంటలు వెలిగిస్తే 4.3 మోల్ వస్తుంది. నీడ మొక్కలకు చాలు. దీపాన్ని ఆకులకు దగ్గరగా దించితే వెలుగు బాగా పెరుగుతుంది, కానీ వేడి తగలకుండా చూసుకోండి. ఫోన్‌లో లక్స్ యాప్ కచ్చితంగా ఉండదు గానీ, ఏ మూల చీకటిగా ఉందో చెప్పగలదు.

రాత్రి ఆపండి. 24 గంటలూ వెలిగిస్తే ఎక్కువ పెరుగుతుందన్నది అపోహ. మొక్కకు చీకటి కూడా కావాలి.

ఊదారంగు లైటు వాడాలా, తెల్లదా?

తెల్లది. ఎరుపు, నీలం మాత్రమే ఉన్న దీపాలతో మొక్క పెరుగుతుంది, కానీ ఆకులు నల్లగా కనిపిస్తాయి, పచ్చదనం పోతుంది, తెగులు వచ్చినా కనబడదు. ఊదారంగు మీ కృతికి అర్థం ఇస్తుందంటేనే వాడండి.

ఏ నీళ్లు పోయాలి? బోరు నీళ్లు పనికిరావా?

సముద్రానికి దగ్గరి పేటల్లో బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి. నీటిలో కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటరు చవకగా దొరుకుతుంది, దాంతో చూడండి. 500 దాటితే కుండీ మొక్కలకు ఇబ్బంది మొదలవుతుంది, 1000 దాటితే వాడొద్దు. ట్యాంకులో నీళ్లే తిరిగి తిరిగి వాడే అమరికలో ఇంకా జాగ్రత్త: నీరు ఆవిరైపోతుంది, ఉప్పు మిగిలిపోతుంది, రోజులు గడిచేకొద్దీ చిక్కబడుతుంది. రెండు వారాలకోసారి ట్యాంకు మొత్తం మార్చండి.

మున్సిపల్ కుళాయి నీళ్లు రాత్రంతా వెడల్పాటి బకెట్‌లో ఉంచి వాడుకోవచ్చు. మన ఊరికి ప్రత్యేకమైన మరో దారి ఉంది: ఏసీ నుంచి కారే నీరు. గాలిలో ఇంత తేమ ఉన్నచోట ఒక్కో ఏసీ రోజుకు లీటర్ల కొద్దీ నీరు విడుస్తుంది. అందులో లవణాలు ఉండవు, అలంకరణ మొక్కలకు పోయొచ్చు, పోషకాలు మాత్రం విడిగా కలపాలి. ఏసీ యూనిట్ పాతదై, లోపల నాచు పట్టి ఉంటే ముందు శుభ్రం చేయించండి. తినే మొక్కలకు ఈ నీరు వాడకండి.

మట్టి లేకుండా నీళ్లలో వేళ్లు కనిపించేలా పెంచితే అందంగా ఉంటుంది కదా?

చాలా అందంగా ఉంటుంది. వేళ్లు చూపించడం నాకూ ఇష్టం. రెండు సంగతులు గుర్తుంచుకోండి. ఒకటి, వేళ్లకు ఆక్సిజన్ కావాలి, వేడి నీళ్లు తక్కువ ఆక్సిజన్‌ను పట్టుకుంటాయి. 20 డిగ్రీల దగ్గర లీటరుకు 9 మిల్లీగ్రాములు కరిగితే 30 డిగ్రీల దగ్గర ఏడున్నరే. మే నెల విశాఖలో, ఏసీ ఆపేసిన రాత్రి, ట్యాంకు నీళ్లు 30 దాటడం మామూలే. అప్పుడే వేరుకుళ్లు మొదలవుతుంది. అక్వేరియం గాలి పంపు ఒకటి ఎప్పుడూ నడుస్తూ ఉండాలి. రెండు, వేళ్ల మీద వెలుగు పడితే నాచు పడుతుంది. గాజు పాత్రకు తెర కట్టి, చూసేవాళ్లు వచ్చినప్పుడే తీసేలా అమర్చండి. ఆ తెర తీయడాన్నే మీ కృతిలో భాగం చేసుకోవచ్చు.

పోషకాల నీటి పీహెచ్ (పులుపు ఎంతో చెప్పే కొలత) 5.5 నుంచి 6.5 మధ్య ఉంచండి.

గోడ నిండా నిలువు తోట కట్టాలంటే?

ప్రపంచానికి ఈ పద్ధతిని అలవాటు చేసింది ఫ్రెంచ్ వృక్షశాస్త్రవేత్త పాట్రిక్ బ్లాంక్. పారిస్‌లోని కే బ్రాన్లీ మ్యూజియం గోడ ఆయనదే. ఇనుప చట్రం, దాని మీద పీవీసీ పలక, పలక మీద ఫెల్ట్ గుడ్డ, ఆ గుడ్డలో వేళ్లు, పైనుంచి సన్నగా దిగే పోషకాల నీరు. మట్టి ఉండదు కాబట్టి బరువు తక్కువ. మట్టి తొట్టెలు తగిలించే పద్ధతిలో బరువు బాగా పెరుగుతుంది. తడిసిన తర్వాతి బరువే లెక్కలోకి తీసుకోండి. ఫెల్ట్‌లో నీరు నిల్వ ఉండదు. పంపు ఒక పూట ఆగితే పై వరస వాడిపోతుంది. కరెంటుకు భరోసా లేని భవనంలో ఫెల్ట్ గోడ వద్దు, కొబ్బరి పొట్టు నింపిన తొట్టెలే మేలు.

## సెన్సర్లు, కరెంటు

తేమ సెన్సరు వారం తిరక్కుండానే తప్పు చూపిస్తోంది. ఎందుకు?

రెండు లోహపు కాళ్లున్న చవక సెన్సరు కొనుంటారు. తడి మట్టిలో కరెంటు ప్రవహిస్తుంటే ఆ లోహం కరిగిపోతుంది. కెపాసిటివ్ రకం కొనండి. దాని లోహం మట్టికి తగలదు. కానీ పై అంచున ఉన్న సర్క్యూట్‌కు తడి తగలకుండా నెయిల్ పాలిషో, ఎపాక్సీయో పూయాలి. ఏ సెన్సరునైనా మీ కుండీలోని మిశ్రమంలోనే, పూర్తిగా ఎండినప్పుడూ పూర్తిగా తడిసినప్పుడూ రీడింగ్ తీసుకుని సరిచూసుకోండి. కొబ్బరి పొట్టుకూ మట్టికీ అంకెలు వేరు.

ఈఎస్‌పీ32 అనే వైఫై ఉన్న బోర్డు వాడేవారికి ఒక సూచన: వైఫై నడుస్తున్నప్పుడు సెన్సరు అంకెలు చదివే పిన్నుల్లో ఏడీసీ2 జట్టువి పనిచేయవు. సెన్సరును 32 నుంచి 39 వరకున్న పిన్నుల్లో ఒకదానికి కలపండి.

పంపు ఆపేసినా నీళ్లు ఆగడం లేదు! బోర్డు పాడైందా?

బోర్డు బాగానే ఉంది. ట్యాంకు నీటిమట్టం కన్నా గొట్టం చివర కిందికి ఉంది, అంతే. ఒకసారి నీరు దూకాక పంపుతో పని లేకుండా ట్యాంకు ఖాళీ అయ్యేదాకా కారుతూనే ఉంటుంది. ట్యాంకును మొక్క కన్నా కింద పెట్టండి. కుదరకపోతే గొట్టం అన్నిటికన్నా ఎత్తైన చోట, ట్యాంకు పైనే, చిన్న రంధ్రం చేయండి. గాలి చొరబడి ధార తెగుతుంది. దీంతోపాటు కోడ్‌లో ఒక హద్దు రాయండి: సెన్సరు ఏం చెప్పినా సరే, పంపు ఒక్కసారికి ఇన్ని సెకన్లకు మించి నడవకూడదు. నీటిమట్టం పడిపోతే పంపును ఆపే ఫ్లోట్ స్విచ్‌ను ట్యాంకు అడుగున పెడితే నీళ్లు లేకుండా పంపు తిరిగి కాలిపోదు.

కరెంటు పోతే మొక్కల సంగతి?

మొక్క ఎన్ని గంటలు ఓర్చుకోగలదో దాన్నిబట్టి ఏర్పాటు. కొబ్బరి పొట్టు కుండీ ఒకటి రెండు రోజులు ఓర్చుకుంటుంది. సన్నని ధార మీద ఆధారపడ్డ వేళ్లు కొన్ని గంటలే. నేను ప్రతి కుండీకీ ఒక వత్తి పెట్టమంటాను. నైలాన్ తాడు ఒక కొస వేళ్ల మధ్య, మరో కొస కింద నీళ్లలో. కరెంటుతో పని లేకుండా తేమ పైకెక్కుతుంది. అందంగానూ ఉంటుంది, దాచాల్సిన పని లేదు.

కరెంటు తిరిగొచ్చిన క్షణం కూడా ముఖ్యమే. బోర్డు మొదలయ్యేటప్పుడు కొన్ని రిలేలు (పంపును, దీపాన్ని ఆన్ చేసే స్విచ్‌లు) ఒక్కసారి టక్కున ఆన్ అవుతాయి. స్విచ్ నాలుగైదుసార్లు ఆపి, వేసి చూసుకోండి. టైం గుర్తుండాలంటే బటన్ బ్యాటరీతో నడిచే గడియారపు మాడ్యూల్ పెట్టండి, లేదంటే మధ్యాహ్నాన్ని అర్ధరాత్రి అనుకుని దీపాలు ఆపేస్తుంది.

నీళ్ల పక్కన కరెంటు, షాక్ కొట్టదా?

కొట్టకుండా చేయడం మీ బాధ్యత. మొక్క దగ్గరికి 12 వోల్టులకు మించి రానివ్వకండి. 230 వోల్టుల అడాప్టర్లన్నీ దూరంగా, నేల నుంచి ఎత్తున, మూసిన పెట్టెలో ఉండాలి. ఆ లైనుకు 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్), సరైన ఎర్తింగ్ తప్పనిసరి. ప్రతి వైరూ సాకెట్‌లోకి వెళ్లేముందు కిందికి వంగి పైకెక్కాలి, అప్పుడు దాని వెంట జారిన నీటి బొట్టు సాకెట్‌లోకి కాక నేల మీద పడుతుంది.

విశాఖలో మరో చిక్కు. పగలంతా ఏసీలో చల్లబడ్డ పెట్టెల మీద, రాత్రి ఏసీ ఆపి తలుపులు తీయగానే తేమగాలి తగిలి నీటి బిందువులు పేరుకుంటాయి. పెట్టె లోపల సిలికా జెల్ సంచి వేసి, బోర్డుకు రక్షణ పూత పూయించండి.

మొక్క పాడుతుందని, మాట్లాడుతుందని చూపిస్తున్నారు. నిజమేనా?

ఆకుకు రెండు ఎలక్ట్రోడ్లు అంటించి, వాటి మధ్య విద్యుత్ మార్పులను స్వరాలుగా మార్చే పరికరాలున్నాయి. ఆ మార్పులు నిజం. స్వరాలు మాత్రం మనం పెట్టినవి. ఏ అంకెకు ఏ స్వరమో ప్రోగ్రాం రాసినవాళ్లు నిర్ణయించారు. ఆకు తేమ, గాలిలో తేమ, పక్కన నడిచే మనిషి, ఎలక్ట్రోడ్ వదులవడం, ఇవన్నీ ఆ పాటను మారుస్తాయి. మొక్క సంతోషంగా ఉందనో, మిమ్మల్ని గుర్తుపట్టిందనో బోర్డు మీద రాయకండి. అది జనాన్ని మోసపుచ్చడం.

నిజం అంతకన్నా తక్కువ అద్భుతమేమీ కాదు. మొక్కల్లో విద్యుత్ సంకేతాలు ఉన్నాయి. అత్తిపత్తి ఆకు ముడుచుకునేటప్పుడు అలాంటి సంకేతం కాడ వెంట పరుగెడుతుంది. జగదీశ్ చంద్ర బోస్ నూరేళ్ల కిందటే కలకత్తాలో ఈ మొక్క మీద ప్రయోగాలు చేశాడు. పెరుగుదలను 10,000 రెట్లు పెంచి చూపే క్రెస్కోగ్రాఫ్ అనే పరికరం కట్టాడు. మొక్క పెరగడాన్ని కళ్లెదుట గీతగా చూపిన ఆ పరికరాన్ని మించిన ఇన్‌స్టలేషన్ ఆలోచన నాకు తోచదు. శబ్దమే కావాలనుకుంటే ఫ్రాన్స్‌లోని సెనోకోస్మ్ జంట 2007లో చేసిన 'అకూస్మాఫ్లోర్' చూడండి. వేలాడే మొక్కల ఆకుల్ని తాకితే శబ్దం వస్తుంది. అక్కడ వినిపించేది మీ చెయ్యికీ ఆకుకీ మధ్య జరిగిన సంగతి.

## చోటు, అనుమతులు

ఆర్కే బీచ్ దగ్గర ఆరుబయట పెట్టాలనుంది. ఏమేం చూసుకోవాలి?

ముందు ఆ స్థలం ఎవరిదో కనుక్కోండి: జీవీఎంసీదా (నగరపాలక సంస్థ), వీఎంఆర్‌డీఏదా (నగరాభివృద్ధి సంస్థ), మరొకరిదా. ఇసుక వైపు దిగితే తీరప్రాంత నిబంధనలు వర్తిస్తాయి. రాతపూర్వక అనుమతి లేకుండా గుంజ కూడా పాతకండి.

ఉప్పుగాలికి మామూలు స్క్రూలు తుప్పు పట్టి రంగు కారుతాయి. 316 రకం స్టెయిన్‌లెస్ స్టీల్ వాడండి, 304 కూడా ఈ గాలికి మచ్చలు పడుతుంది. ఆకుల మీద పేరుకున్న ఉప్పును మంచినీటితో తరచూ కడగాలి.

ఇక అన్నిటికన్నా నాకు పట్టింపు ఉన్న సంగతి. చలికాలం నుంచి వేసవి మొదటి దాకా ఆలివ్ రిడ్లీ తాబేళ్లు మన తీరానికి గుడ్లు పెట్టడానికి వస్తాయి. గుడ్లలోంచి బయటికొచ్చిన పిల్లలు వెలుగును చూసి సముద్రం దారి పట్టుకుంటాయి. రాత్రి ఇసుక అంచున గ్రో లైట్లు వెలిగితే అవి రోడ్డు వైపు వస్తాయి. ఆ నెలల్లో బీచ్‌లో దీపాలతో పని పెట్టకండి. ఒక మొక్కను బతికించడానికి వంద తాబేలు పిల్లల్ని దారి తప్పించే హక్కు మనకు లేదు.

తుఫాను హెచ్చరిక వస్తే?

బయట ఉన్నదంతా విప్పి లోపలికి తెచ్చేయాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఈ ఊరి చెట్లను ఏం చేసిందో చూసినవాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు, కరెంటు కూడా రోజుల తరబడి రాలేదు. అందుకే బయట పెట్టే ఏ కృతినైనా ఇద్దరు మనుషులు రెండు గంటల్లో విప్పగలిగేలా కట్టండి. అక్టోబరు, నవంబరు నెలల్లో ఆరుబయట ప్రారంభోత్సవాలు పెట్టుకోకపోవడం ఇంకా మేలు.

## ప్రదర్శన రోజుల్లో

అంతా ఆటోమేటిక్ కదా, రోజూ మనిషి ఎందుకు?

సెన్సరు తేమ చూస్తుంది. ఆకు వెనక పిండినల్లి చేరిందో లేదో చూడలేదు. డ్రిప్పర్‌లో నాచు అడ్డుపడితే పంపు నడుస్తూనే ఉంటుంది, మొక్క ఎండుతూనే ఉంటుంది, స్క్రీన్ మీద అంతా పచ్చగుర్తే. రోజుకు పావుగంట, ఒకే మనిషి, ప్రతి మొక్కనూ చేత్తో ముట్టుకుని చూడాలి. ఆదివారాలు, పండగ సెలవుల్లో ఎవరు వస్తారో ముందే రాసుకోండి. చూసుకునే ఆ మనిషి పేరు కళాకారుడి పేరు పక్కనే బోర్డు మీద ఉండాలి. వాచ్‌మన్ గారు రోజూ నీళ్లు పోస్తుంటే ఆయన పేరే ఉండాలి.

దోమలు వస్తున్నాయని గ్యాలరీవాళ్లు గొడవ చేస్తున్నారు.

వాళ్ల గొడవ న్యాయమే. డెంగీ దోమ నిలవున్న మంచినీటిలోనే గుడ్లు పెడుతుంది, వారం పది రోజుల్లో కొత్త దోమలు లేస్తాయి. ట్యాంకుకు సన్నని జాలీ మూత బిగించండి, కుండీల కింద ప్లేట్లను వారానికోసారి పూర్తిగా ఆరబెట్టండి. శుక్రవారం డ్రై డే అని మున్సిపాలిటీవాళ్లు చెప్పే పద్ధతే ఇక్కడా పనికొస్తుంది.

మొక్కను తాకనివ్వాలా, వద్దా?

తాకడమే కృతి అయితే తాకనివ్వండి, కానీ మొక్కలను మార్చి మార్చి విశ్రాంతి ఇవ్వండి. అత్తిపత్తిని రోజంతా ముడుచుకునేలా చేస్తే అది తిండి తయారుచేసుకునే సమయం పోతుంది. రెండో జట్టు మొక్కలు వెనక గదిలో ఉండాలి.

మొక్క చచ్చిపోయింది. రాత్రికి రాత్రి అలాంటిదే ఇంకోటి పెట్టేస్తే ఎవరికీ తెలియదు కదా?

తెలియకపోవచ్చు. అయినా అలా చేయకండి. మీ కృతి చెబుతున్నదే 'ఈ మొక్క ఈ ఏర్పాటు వల్ల బతుకుతోంది' అని. గుట్టుగా మార్చేస్తే ఆ మాట అబద్ధమైపోతుంది. చచ్చిన మొక్కను తీసి, ఏ రోజు, ఏ కారణంగా పోయిందో చిన్న కార్డు మీద రాసి అక్కడ పెట్టండి. కొత్త మొక్క తెస్తే అది కొత్తదని రాయండి. ఆ కార్డు ముందు జనం ఎంతసేపు ఆగుతారో చూస్తే మీకే తెలుస్తుంది. కారణం వెలుగో, వేరుకుళ్లో సరిదిద్దకుండా మాత్రం రెండో మొక్కను తేవద్దు.

## ముగిశాక

ప్రదర్శన అయిపోయాక మొక్కల్ని ఏం చేయాలి?

అనుమతి పత్రాలు రాసేటప్పుడే అవి ఎక్కడికి వెళ్తాయో కూడా రాయండి. నటాలీ జెరెమిజెంకో 1999లో అమెరికాలోని మాస్ మోకా మ్యూజియం ముందు ఆరు మేపుల్ చెట్లను తలకిందులుగా వేలాడదీసింది. కొమ్మలు వెలుగు కోసం వంగి పైకి తిరిగాయి. పెద్దవైన చెట్లను దించి నేలలో నాటారు, వాటి చోట కొత్తవి వచ్చాయి. వేలాడదీయడం ఎంత ఆలోచించి చేశారో నాటడమూ అంతే ఆలోచించి చేశారు.

మన దగ్గర బడి ఆవరణలు, ఆసుపత్రి ప్రాంగణాలు, అపార్ట్‌మెంట్ తోటలు తీసుకుంటాయి. గ్రో లైట్ల కింద పెరిగిన మొక్కను ఒక్కసారిగా ఎండలో పెడితే ఆకులు మాడతాయి, పది పదిహేను రోజులు నీడలో ఉంచి జరపండి. పోషకాల నీటిని కాలువలో పారబోయకుండా పలచన చేసి చెట్ల మొదట్లో పోయండి. బోర్డులు, పంపులు విప్పి తర్వాతి జట్టుకు ఇవ్వండి. బ్యాటరీలను చెత్తలో వేయకండి.

ఇదే కృతిని హైదరాబాద్‌లోనో, బెంగళూరులోనో మళ్లీ పెట్టాలంటే?

యంత్రాన్ని తీసుకెళ్లండి, మొక్కల్ని అక్కడే కొనండి. అక్కడి గాలి మన గాలి కన్నా పొడిగా ఉంటుంది, ఇక్కడ పంపు నడిచినన్ని సెకన్లు అక్కడ చాలవు. సెన్సరు అంకెలు మళ్లీ సరిచూసుకోవాలి, అక్కడి నీటి టీడీఎస్ మళ్లీ కొలవాలి. విశాఖలో రోజువారీ రాసుకున్న పుస్తకం వెంట తీసుకెళ్లండి: ఏ తేదీన ఎంత నీరు, ఎంత ఉష్ణోగ్రత, ఏ ఆకు పసుపుబారింది. కొత్త ఊళ్లో చూసుకోబోయే మనిషికి మీ కోడ్ కన్నా ముందు ఆ పుస్తకం ఇచ్చి, ఒక పూట కూర్చుని చదివించండి.